చిల్లీ కుండలో ఎండుపండు

ఎండిన యాంచో మిరపకాయకూ మన ఎండుమిర్చికీ పోలిక తక్కువ. దాదాపు అరచేతి పొడవున, నలుపు తిరిగిన ఎరుపులో, ఒళ్లంతా ముడతలతో ఉండి, వంచితే విరగకుండా తోలులా వంగుతుంది. తొడిమ తీసి, నిలువునా చీల్చి, గింజలు దులిపి, వేడి పెనం మీద అట్లకాడతో పావు నిమిషం అదిమిపెడితే ముందుగా ముక్కుకు తగిలేది కిస్మిస్, ఎండు ఆలూబుఖారా, కాస్త కోకో కలిసిన వాసన. ఘాటు ఆ తరవాతెప్పుడో సన్నగా వస్తుంది. అమెరికాలోని టెక్సాస్‌లో గొడ్డుమాంసంతో వండే చిల్లీ కాన్ కార్నెకి పునాది ఈ కాయే. అదే వంటకంలో ఎవరైనా నాలుగు ఆప్రికాట్లో, గుప్పెడు ఆలూబుఖారాలో వేస్తే అపచారం జరిగినట్టు చూసేవాళ్లు టెక్సాస్‌లో చాలామంది ఉన్నారు. ఆ కోపానికి ఆధారం బలంగా లేదు. చిల్లీ కుండలో పండు రుచి మొదటినుంచీ మిర్చి రూపంలో ఉంది. మిర్చి పొడై డబ్బాలోకి ఎక్కాక ఆ రుచి పలచబడింది. ఇంట్లో చిల్లీ వండేవాళ్లు ఎండుపండు చేర్చుకోవడమంటే పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవడమే. ఒక్క షరతుంది: పండును చక్కెరకు మారుగా వాడకూడదు. వాడితే మాత్రం ఆ విమర్శకులు అన్నదంతా నిజమవుతుంది.

చిల్లీ అనగానే మనకు రెస్టారెంట్లలో ఇచ్చే చిల్లీ చికెన్ గుర్తొస్తుంది. దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది మాంసం ముక్కల్ని ఎండుమిర్చి గుజ్జులో, జీలకర్ర, వెల్లుల్లి, ఒరెగానోలతో గంటల తరబడి సన్నని సెగ మీద ఉడికించే చిక్కటి కూర. 19వ శతాబ్దం చివరి దశకాల్లో శాన్ ఆంటోనియో నగరంలోని మిలిటరీ ప్లాజాలో పొద్దు వాలాక మెక్సికన్ కుటుంబాల స్త్రీలు బల్లలు వేసి, లాంతర్ల వెలుగులో దీన్ని అమ్మేవారు. ఊరు వాళ్లకు చిల్లీ క్వీన్స్ అని పేరు పెట్టింది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో శాన్ ఆంటోనియో చిల్లీ దుకాణం వెలిశాక ఈ రుచి మిగతా దేశానికీ పరిచయమైంది. 1930ల చివర్లో ఆరోగ్య నిబంధనల పేరుతో ఆ బల్లలు ఎత్తించేశారు. పేరు దేశమంతా పాకిన కూరను మొదట వండి పెట్టిన చేతులకు అది పేరు తెచ్చుకున్న ఊళ్లోనే చోటు లేకుండా పోవడం ఈ చరిత్రలో బాధపెట్టే ఘట్టం.

ఈలోగా న్యూ బ్రాన్‌ఫెల్స్ పట్టణంలో జర్మనీ నుంచి వలస వచ్చిన విలియం గెబ్‌హార్ట్ 1890ల్లో మరో మార్పు తెచ్చాడు. ఎండుమిర్చిని జీలకర్ర, ఒరెగానోలాంటి దినుసులతో కలిపి పొడి చేసి అమ్మడం మొదలుపెట్టాడు. మెక్సికో మిర్చి దొరకని ఊళ్లలోనూ ఏడాది పొడవునా చిల్లీ వండుకునే వీలు దానివల్లే వచ్చింది. ఆ మేలును కాదనలేం. కానీ పొడికి ఒక స్వభావం ఉంది, మన వంటిళ్లలో అందరికీ తెలిసిందే: పాతబడ్డ కారప్పొడిలో ఘాటు మిగులుతుంది, కమ్మదనం మిగలదు. ఘాటునిచ్చే క్యాప్సైసిన్ అంత తేలిగ్గా ఆవిరైపోయే పదార్థం కాదు. పండువాసననిచ్చేవి గాలికి ఎగిరిపోయే తేలికపాటి పదార్థాలు. డబ్బా మూత తీసిన ప్రతిసారీ కొంత పోతాయి. అలా అమ్మకానికొచ్చిన చిల్లీ పొడిలో కారం, జీలకర్ర ముందుకొచ్చి, యాంచోలోని ఎండుద్రాక్ష రుచి వెనక్కి తగ్గింది. దాంతో వండేవాళ్లకు కూరలో ఏదో లోటు అనిపించి ఒకరు బ్రౌన్ షుగర్, ఒకరు కెచప్, ఒకరు కోలా పోయడం అలవాటు చేసుకున్నారు. లోటు నిజమైనదే, దాన్ని పూడ్చడానికి ఎంచుకున్న సరుకే తప్పు.

మిర్చీ మాంసమూ పండూ ఒకే కుండలో చేరడం కొత్త సంగతేం కాదు. మెక్సికోలోని ప్యూబ్లా నగరం పేరు మోసిన మోలే పోబ్లానోలో ఎండుమిర్చితోపాటు కిస్మిస్, చాక్లెట్, తరచుగా కూర అరటిపండూ పడతాయి. మంచమాంటెలెస్ అనే కూరలో మిర్చి గుజ్జులో అనాస, అరటి ముక్కలు నేరుగా ఉడుకుతాయి. అదే ప్యూబ్లాలో చేసే చిలెస్ ఎన్ నొగాడాలో పెద్ద పచ్చిమిర్చి లోపల ఆపిల్, పియర్, పీచ్ ముక్కలు కలిపిన కైమా కూరి, పైన అక్రోటు కాయల సాస్, దానిమ్మ గింజలు వేస్తారు. 1821లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు అగుస్తీన్ దె ఇతుర్బిదె గౌరవార్థం అక్కడి సన్యాసినులు దీన్ని వండారని కథ ఉంది. కథ సంగతెలా ఉన్నా, ఇందులో పడే పొబ్లానో మిర్చినే పండనిచ్చి ఎండబెడితే యాంచో అవుతుంది. అంటే టెక్సాస్ చిల్లీకి ప్రాణమైన కాయే మెక్సికోలో పళ్లతో, మాంసంతో కాపురం చేస్తోంది. ఇంకా వెనక్కి వెళితే, 1226లో బాగ్దాద్‌లో ముహమ్మద్ అల్ బాగ్దాదీ రాసిన వంటల పుస్తకంలో ఎండు ఆప్రికాట్లూ బాదంపప్పూ వేసి మాంసం వండే మిష్‌మిషియ్య అనే వంటకం ఉంది. అరబ్బుల వంట స్పెయిన్‌లో శతాబ్దాలపాటు వేళ్లూనింది. స్పెయిన్ నుంచి మెక్సికో చేరిన కైమాలోని కిస్మిస్, బాదం, దాల్చినచెక్క ఆ దారినే వచ్చాయి. అమెరికా ఖండపు మిర్చి, పశ్చిమాసియా ఎండుపళ్లు, యూరప్ పశువు మాంసం కలిసిన చోట పుట్టిన కుటుంబంలో చిల్లీ ఒక శాఖ. ఆ శాఖలోంచి పండును గెంటేయడమే తరవాత వచ్చిన పద్ధతి.

టెక్సాస్‌వాళ్ల అభ్యంతరాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. దానివెనక అభిమానం ఉంది. 1967లో టెర్లింగ్వా అనే ఎడారి ఊళ్లో చిల్లీ పోటీ పెట్టి, టెక్సాస్ పాత్రికేయుడు విక్ ఫౌలర్‌కీ న్యూయార్క్ రచయిత ఎచ్. అలెన్ స్మిత్‌కీ మధ్య తేల్చబోతే అది తేలకుండానే ముగిసింది. ఆ ఊరు ఇప్పటికీ చిల్లీ పోటీలకు పేరున్నది. 1977లో టెక్సాస్ శాసనసభ చిల్లీని రాష్ట్ర వంటకంగా ప్రకటించింది. పోటీలు నడిపే చిల్లీ అప్రీసియేషన్ సొసైటీ ఇంటర్నేషనల్ బీన్స్, మాకరోనీ, అన్నంలాంటివి కలపరాదని నిబంధన పెట్టింది. మాంసాన్ని తగ్గించి కుండ నింపే సరుకులు వద్దన్నది ఆ నిబంధన సారం. ఆ భయం న్యాయమైనదే. కానీ కిలో మాంసానికి వంద గ్రాములు కూడా దాటని ఎండుపండు కుండ నింపే సరుకు కాదు. పోటీల్లో నెగ్గిన చిల్లీల్లో కొన్నింట్లో బ్రౌన్ షుగర్ చిటికెడు పడుతూనే ఉంది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఇంటి చిల్లీ తయారీ విధానం కోసం ఉత్తరాలు వెల్లువెత్తితే ఆయన భార్య లేడీ బర్డ్ దాన్ని కార్డుల మీద అచ్చువేయించి పంపేవారు. ఆ టెక్సాస్ బిడ్డ కూరలో బీన్స్ లేవు గానీ డబ్బా టమాటాలున్నాయి. టమాటాను ఒప్పుకున్న నాలుక ఆప్రికాట్‌ను కాదనడానికి అలవాటు తప్ప వేరే కారణం కనబడదు. టెక్సాస్ దాటితే ఓహాయోలోని సిన్సినాటీలో 1922 నుంచి మాసిడోనియా మూలాలున్న కుటుంబాలు దాల్చినచెక్క, లవంగం వేసి తియ్యటి వాసనతో వండే చిల్లీ మూడు నాలుగు తరాలుగా ఆ ఊరి అభిమాన భోజనం. కాబట్టి చిల్లీ అంటే ఒకటే రుచి అన్నమాట చిల్లీ చరిత్రే ఒప్పుకోదు.

మరి తీపి కావాలంటే చెంచాడు చక్కెర చాలదా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. చౌక, తేలిక, ఖచ్చితం. దీనికి జవాబు కుండలో జరిగే పనిలో ఉంది. క్యాప్సైసిన్ నాలుక మీద వేడిని పసిగట్టే గ్రాహకాన్ని మేల్కొల్పుతుంది కాబట్టే కారం మంటగా తోస్తుంది. ఆ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కి 2021లో వైద్యశాస్త్ర నోబెల్ పురస్కారం మరొకరితో కలిపి దక్కింది. తీపి ఆ మంటను కొంత తగ్గిస్తుంది. ఇంతవరకూ చక్కెరా పండూ ఒకటే. తేడా ఆ తరవాత మొదలవుతుంది. ఆప్రికాట్‌లో తీపితోపాటు మంచి పులుపుంది. కొవ్వు తేలే గొడ్డుమాంసం కూరలో ఆ పులుపు ప్రతి ముద్దకూ నోటిని శుభ్రం చేసి మళ్లీ తినబుద్ధి పుట్టిస్తుంది. పండులోని పెక్టిన్, పీచు పులుసును చిక్కబరుస్తాయి. పిండి కలిపి చిక్కబరచాల్సిన అవసరం ఉండదు. ఆలూబుఖారా గుజ్జు తేమను పట్టి ఉంచుతుంది. మాంసం ఉత్పత్తుల పరిశ్రమ దాన్ని ఆ పనికే వాడుతుంది. ఇక ఎండబెట్టినప్పుడు పండులో పుట్టిన ముదురు వాసనలు, ఎర్రగా వేగిన మాంసం వాసనా ఒకదాన్నొకటి లాక్కుంటాయి. చక్కెరకి ఇవేమీ లేవు. అది కూర మీద తేలే ఒకే ఒక స్వరం, రెండో ముద్దకే మొహం మొత్తుతుంది.

పళ్లన్నీ ఒకటి కావు కూడా. ఈ కూరకు నా లెక్కలో మొదటి స్థానం ఆప్రికాట్‌ది, పులుపు వల్ల. రెండోది ఆలూబుఖారాది, యాంచోకి అతి దగ్గర బంధువు లాంటి వాసన వల్ల. కిస్మిస్ ముక్కలుగా మిగిలి పంటికింద తియ్యగా పేలుతుంది కాబట్టి రుబ్బి వేస్తేనే మేలు. ఖర్జూరంలో పులుపు లేదు, దానికి చింతపండు తోడు లేకపోతే కూర పాకంలా తయారవుతుంది. పచ్చి అనాసతో జాగ్రత్త అవసరం. అందులోని బ్రోమిలైన్ మాంసకృత్తుల్ని కోసేస్తుంది. ముక్కల్ని దానిలో నానబెట్టి మరిచిపోతే మాంసం పైపైన పిండిలా అయిపోతుంది. ఉడికే వేడికి ఆ గుణం చచ్చిపోతుంది కనుక చివరి పావుగంటలో వేస్తే వాసన మిగులుతుంది, హాని ఉండదు. పండిన మామిడి ఈ కూరకు పనికిరాదు, దోరమామిడి పనికొస్తుంది. జామ్‌లు, పాకంలో వేసిన డబ్బా పళ్లు వద్దేవద్దు. అవి పండు వేషంలో ఉన్న చక్కెరే.

వండే తీరు చెప్పుకుందాం. అమెరికా దుకాణాల్లో చక్ అని రాసి ఉండే భుజం, మెడ భాగం ఒక కిలో, అంగుళం ముక్కలు. ఇది గట్టి మాంసమే. అందులోని కొల్లాజెన్ సన్నని సెగ మీద కరిగి జెలటిన్ అయితేనే పులుసుకు జిగి వస్తుంది కాబట్టి అదే కావాలి. ముక్కల తడి గుడ్డతో అద్ది, ఉప్పు పట్టించి, మందపాటి గిన్నెలో కొద్ది నూనెతో రెండు మూడు విడతలుగా ఎర్రగా వేయించాలి. అన్నీ ఒకేసారి వేస్తే నీరూరి ఉడుకుతాయే తప్ప వేగవు. ఆరు యాంచోలు, రెండు గువాహిల్లో ఎండుమిరపకాయలు పెనం మీద వాసన వచ్చేదాకా మాత్రమే వేడి చేయాలి. నల్లబడితే చేదు, ఆ చేదు చివరిదాకా పోదు. వాటిని వేడినీళ్లలో అరగంట నానబెట్టి, ఆ నీళ్లు ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూసి, చేదుగా ఉంటే పారబోసి మామూలు నీళ్లతో రుబ్బాలి. ముక్కలు తీసిన గిన్నెలోనే రెండు ఉల్లిపాయలు రంగు మారేదాకా మగ్గించి, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, వేయించి దంచిన జీలకర్ర రెండు చెంచాలు, ఒరెగానో వేసి, మిర్చి ముద్ద పోసి నూనె విడిచేదాకా వేపాలి. తరవాత మాంసం, రెండు టమాటాలు, మునిగేంత నీళ్లు. పండును రెండు భాగాలు చేయడంలోనే ఈ కూర కిటుకంతా ఉంది. ఎనభై గ్రాముల ఆప్రికాట్‌లో మూడొంతులు మిర్చితోపాటే మెత్తగా రుబ్బేయాలి, అది పులుసులో కలిసి కంటికి కనబడకుండా పోతుంది. మిగిలినదాన్ని సన్నగా తరిగి చివరి ఇరవై నిమిషాల్లో వేయాలి. రెండున్నర గంటలు మూత ఓరగా పెట్టి, బుడగ ఒకటీ అరా లేచే సెగ మీద ఉంచాలి. పండు గుజ్జు తొందరగా అడుగంటుతుంది కాబట్టి పావుగంటకోసారి గరిట అడుగుదాకా వెళ్లాలి. దించాక నిమ్మరసం. మొదటి ముద్దకే ఇది తీపి కూర అనిపిస్తే పండు ఎక్కువైనట్టు. కారం తగ్గి, రుచి నిండుగా ఉండి, కారణం వెంటనే తట్టకపోతే కొలత కుదిరినట్టు.

తెలుగు పాఠకుల అభ్యంతరం వేరు. మాంసంలో పులుపు మనకు కొత్తకాదు. గోంగూర మాంసం, చింతచిగురు మాంసం, మామిడికాయ మాంసం మన ఇళ్లలో పేరున్న కూరలే. తీపి మాత్రం దప్పళంలోకి, ముక్కల పులుసులోకి బెల్లంగా వస్తుంది గానీ మాంసం దగ్గరికి రానివ్వం. ఆ గీతను నేను గౌరవిస్తాను. కాకపోతే మాంసం కూరకు మనం ఎర్రగా వేయించే ఉల్లిపాయలు, హైదరాబాద్ బిర్యానీ మీద పరిచే బిరిస్తా ఇస్తున్నది తీపే, వేగిన తీపి. దాన్ని తీపిగా లెక్కపెట్టం, ఎందుకంటే అది కూరలో కలిసిపోతుంది. చిల్లీలో ఆప్రికాట్ చేయాల్సింది కూడా సరిగ్గా అంతే. పైగా ఈ కూరను ఇక్కడ వండాలంటే మనకు పండు అవసరం మరీ ఎక్కువ. గుంటూరు సన్నం, యాంచో రెండూ వృక్షశాస్త్రం లెక్కలో క్యాప్సికం ఆన్యుమ్ అనే ఒకే జాతి అయినా, సన్నానిది ఘాటు, యాంచోది గుజ్జు. యాంచోకి బదులు గుంటూరు మిర్చి అదే కొలతలో పోస్తే ఎవరూ తినలేరు. కారం తక్కువ, రంగు ఎక్కువ ఉన్న వరంగల్ చపాటా గానీ, కర్ణాటక బ్యాడగి గానీ పది పన్నెండు కాయలు, ఘాటు కోసం ఒకటి రెండు గుంటూరు కాయలు తీసుకుంటే రంగూ కారమూ కుదురుతాయి. యాంచోలోని ఎండుద్రాక్ష రుచి మాత్రం వీటిలో అంతగా ఉండదు. ఆ ఖాళీని పూరించేది ఆలూబుఖారా, ఆప్రికాట్‌లే. హైదరాబాద్ ఎండుపళ్ల దుకాణాల్లో ఖుబానీ కా మీఠాకి కొనే ఎండు ఆప్రికాట్ దీనికి చక్కగా సరిపోతుంది. రాత్రి నానబెట్టి గింజ తీసేయాలి. ఈ రకం ఎక్కువ తీపిగా ఉంటుంది కాబట్టి చిన్న నిమ్మకాయంత చింతపండు తోడు కావాలి.

గొడ్డుమాంసం తినడం తినకపోవడం మన సమాజంలో నమ్మకంతోనూ కులంతోనూ ముడిపడిన విషయం. తినని వాళ్లు ఎందరో, పెద్దకూరగా తరతరాల నుంచి తింటున్న ఇళ్లూ ఎన్నో. తెలుగు రాష్ట్రాల్లో గోవధను నిషేధించే 1977 నాటి చట్టం అమల్లో ఉంది. ఇక్కడ వండేవాళ్లకు సాధారణంగా దొరికేది గేదె మాంసం. దానిలో కొవ్వు తక్కువ, పోగు మందం, కాబట్టి ఇంకో అరగంట ఎక్కువ పడుతుంది, నూనె ఇంకో చెంచా ఎక్కువ పోయాలి. వేట మాంసంతోనూ ఈ కూర వస్తుంది, జబ్బ ముక్కలైతే బాగా వస్తుంది. డాలస్ పక్కనున్న ఫ్రిస్కో, అర్వింగ్‌లలోని తెలుగు కుటుంబాలకు యాంచోలు దగ్గర్లోని మెక్సికన్ దుకాణంలోనే దొరుకుతాయి, ఆ ప్రాంతపు అసలు కూరను వాళ్లు పొడి డబ్బా లేకుండా మొదలుపెట్టొచ్చు. కుక్కర్ వాడేవాళ్లు పండును కుక్కర్‌లో పెట్టకూడదు. మాంసం, మిర్చి ముద్ద కలిపి అరగంట ఒత్తిడిలో ఉడికించి, మూత తీశాక పండు గుజ్జు కలిపి, ఇరవై ఐదు నిమిషాలు విడిగా సన్నని సెగ మీద ఉంచితే అడుగు మాడదు.

చక్కెర వ్యాధి ఉన్నవాళ్ల సందేహానికి లెక్క చెప్పొచ్చు. ఎండు ఆప్రికాట్ బరువులో దాదాపు సగం చక్కెరలే. ఎనభై గ్రాములు ఆరుగురికి పంచితే మనిషికి ఏడు గ్రాములు, అంటే రెండు చెంచాలకు కొంచెం తక్కువ. ఇది లేనట్టే అనలేం గానీ, కూరతో పాటు వడ్డించే అన్నం పరిమాణం కంటే పెద్ద సమస్య కాదు. రాజ్మా వేసుకునేవాళ్లు వాటిని నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్ల కాగనిచ్చి, మెత్తబడ్డాకే కూరలో కలపాలి. సరిగ్గా ఉడకని రాజ్మా కడుపును కల్లోలం చేస్తుంది, పైగా పండు పులుపులో పడితే గింజ మెత్తబడటం మానేస్తుంది.

చేపల పులుసు మర్నాటికే రుచి అంటాం కదా, ఈ కూరా అంతే. రాత్రి చల్లారాక జెలటిన్ గడ్డకట్టి, కొవ్వు పైకి తేలుతుంది. అక్కర్లేనంత కొవ్వును చెంచాతో తీసేసి, కొన్ని నీళ్లు చిలకరించి సన్నని సెగ మీద వేడి చేస్తే పండు తీపి మిర్చిలో పూర్తిగా ఇమిడి ఉంటుంది. అప్పుడు ఉప్పు, నిమ్మరసం మళ్లీ ఒకసారి చూసుకోవాలి, పులుపు రాత్రికి రాత్రి మెత్తబడి కనిపిస్తుంది. అమెరికాలో దీనితో తినే మొక్కజొన్న రొట్టెలో చాలా ఇళ్లలో చక్కెర కలుపుతారు. పండు వేసిన చిల్లీ పక్కన అది ఎక్కువైపోతుంది. చప్పటి టోర్టియా మేలు, మన దగ్గరైతే వేడి జొన్నరొట్టె, పక్కన పచ్చి ఉల్లిపాయ చాలు.